పాలపళ్ళే కదా అనుకున్నాను

మా చిన్నోడికి రెండేళ్ళు నిండకముందు, ఒకరోజు ఆటల్లో పై పెదవి ఎత్తి చూస్తే ముందు పళ్ళ మీద, సరిగ్గా చిగుళ్ళ అంచున సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత కనబడింది. పాల మరక అనుకుని తడిగుడ్డతో తుడిచాను, పోలేదు. డెంటిస్టు చూసి, "పళ్ళు పుచ్చడం ఇలాగే మొదలవుతుందండీ, ఇంకా గుంట పడలేదు కాబట్టి ఆపొచ్చు" అన్నారు.

తప్పు నాదే. రాత్రి పాలసీసా నోట్లో పెట్టేసి పడుకోబెట్టేదాన్ని. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పాలేమో పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి, ఆ పాలలోని చక్కెరని బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది, అది తెల్లవార్లూ ఎనామిల్‌ని, అంటే పంటి పైనుండే గట్టి పొరని, కరిగిస్తూ ఉంటుంది. కింది ముందు పళ్ళు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, ఎందుకంటే సీసా తాగేటప్పుడు నాలుక వాటిని కప్పేస్తుందట.

ఊడిపోయే పళ్ళకి ఇంత హడావిడి ఎందుకని నేనూ అనుకున్నాను. కానీ పాల దవడపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరిగి కొత్తవాటికి చోటుండదు. నొప్పి, చీము సంగతి సరేసరి.

పళ్ళని గట్టిపరిచే పూత, ఫ్లోరైడ్ వార్నిష్ పూశారు. సీసా మాన్పించడానికి వారం రోజులు ఏడుపులే, వాడివీ నావీ. బ్రష్ రోజుకి రెండుసార్లు, రాత్రిది మాత్రం తప్పించేది లేదు, దాని తర్వాత నీళ్ళు తప్ప ఇంకేమీ ఇవ్వను. ఫ్లోరైడ్ పేస్టు మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠానీ గింజంత చాలు. ప్రకటనల్లో బ్రష్ నిండా పేస్టు పిండి చూపిస్తారే, అది నమ్మకండి. చిరుతిళ్ళ విషయంలో ఎంత తిన్నాడన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నాడన్నదే ఎక్కువ ముఖ్యమట, అందుకే గంటకో బిస్కెట్ ఇవ్వడం మానేశాను.

ఇప్పుడు వాడికి ఆరేళ్ళు. తనే తోముకుంటానని గొడవ, తోమాక మళ్ళీ నేనొకసారి తోముతాను, ఏడెనిమిదేళ్ళ దాకా ఇంతే. మొన్న అలా తోముతుంటే కింద చివరి దవడపన్ను వెనకాల చిగురు చీల్చుకుని తెల్లగా ఏదో తగిలింది. ఒక్క పన్నూ ఊడకుండానే వచ్చేసిన శాశ్వత పన్ను! దీన్నీ పాలపన్నే అనుకుని చాలామంది వదిలేస్తారు. పూర్తిగా బయటికొచ్చాక పైనున్న గాళ్ళలో సీలెంట్, అంటే పుచ్చకుండా వాటిని మూసేసే పూత, వేయించాలి.