బావి గడ్డ మీద మామిడి చెట్టు

ఆదివారం. అమ్మను చూసొద్దామని చండూరు దగ్గరి మా ఊరికి పోయాను. బత్తాయి తోటలో మోటరు కాలిపోయి నాలుగు రోజులైందట. మెకానిక్ పదింటికి వస్తానన్నాడు, పన్నెండు దాటినా జాడ లేదు. ఫోన్ చేస్తే "దార్లనే ఉన్న సార్". ఆ దారి ఎంత పొడుగో!

బావి గడ్డ మీది మామిడి చెట్టు కింద కూర్చున్నాను. చెట్టు నిండా ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమలే. చిన్నప్పుడు వాటికి భయపడే ఈ చెట్టు ఎక్కేవాళ్లం కాదు. కొమ్మ మీద బారుగా పోతున్నాయి. ఒకటి మాత్రం బారుకు ఎడంగా, కొట్టుకుంటున్నట్టు వణుకుతోంది. దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. బారులోంచి ఇంకొకటి దాని దగ్గరికి వచ్చింది. అంతే, వణుకుతున్నది ఆ వచ్చినదాని మెడ వెనక పట్టేసి కొమ్మ మీంచి దూకేసింది. నేల మీద పడలేదు. సన్నటి దారానికి గాలిలో వేలాడుతోంది, నోట్లో చీమతో.

చీమకు దారం ఎక్కడిది?

ఫొటో తీసి, పెద్దది చేసి కాళ్లు లెక్కపెట్టాను. ఎనిమిది! పీత సాలీళ్ల కుటుంబంలోది, అమిసియా అంటారు. గూడు అల్లి వేటాడదు. రంగు అచ్చం చీమదే. పొట్ట చివర రెండు నల్లచుక్కలు, చీమ కళ్లలాగా. అంటే నేను ఇంతసేపూ తల అనుకున్నది దాని వెనక భాగం. కొమ్మ మీదే కూర్చుని తింటే మిగతా చీమలు ఊరుకుంటాయా, అందుకే ఆ దారం.

చీమ వేషం వేసే సాలీడు ఇంకోటి ఉంది, గెంతుతూ వేటాడే రకం. ముందు కాళ్లెత్తి మీసాల్లా ఆడిస్తుంది. దానిది ప్రాణభయం, ఎర్ర చీమ అనుకుని ఎవరూ జోలికి రాకూడదని. ఇది అలా కాదు, చీమను తినడానికే చీమైంది. ఇరవై రెండేళ్లుగా బడిలో జీవశాస్త్రం చెప్తున్నాను, కీటకానికి ఆరు, సాలీడుకు ఎనిమిది అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. సిగ్గేసింది.

అమ్మకు ఫొటో చూపించాను.

"చీమనే గద బిడ్డా."

"కాళ్లు లెక్కపెట్టమ్మా."

"నా అద్దాలు ఇంట్ల ఉన్నయ్. చీమనే. లెవ్వు, కుడ్తయ్."

మెకానిక్ మూడింటికి వచ్చాడు. వైండింగ్ పోయింది, నల్గొండకు తీసుకుపోవాలన్నాడు. అతను మోటరు విప్పుతున్నంతసేపూ కొమ్మ మీద పోయే చీమల కాళ్లు లెక్కపెడుతూ నిలబడ్డాను. అన్నీ ఆరే.