చేటలా ఎత్తాలట

పాపకు మూడో నెల రాగానే పుట్టింటి నుంచి హైదరాబాదు వచ్చేశాను. వచ్చిన వారానికే కుడి బొటనవేలి మొదట్లో సన్నగా సలపడం మొదలైంది. లంగోటాలు పిండేటప్పుడు, తాళంచెవి తిప్పేటప్పుడు, అన్నిటికంటే ఎక్కువగా పాపను ఉయ్యాలలోంచి తీసేటప్పుడు. ఒక ఉదయం పాలప్యాకెట్ కత్తిరించబోయి కత్తెర వదిలేశాను. నొప్పి మణికట్టు మీదుగా మోచేతి దాకా పాకింది.

ఫోనులో చెబితే అమ్మ అర నిమిషంలో తేల్చేసింది. "వాతమే. చెవుల్లో దూది పెట్టుకోమంటే విన్నావా? ఫ్యాను కింద పడుకోవద్దంటే విన్నావా?" వినలేదు కాబట్టి మారుమాట్లాడలేదు. వావిలాకు కాచిన నీళ్లతో కాపడం పెట్టుకున్నాను, నువ్వులనూనెతో మర్దన చేసుకున్నాను. కాపడం ఉన్నంతసేపు హాయిగానే ఉండేది. మర్దన చేసిన రాత్రి మాత్రం నిద్ర ఉండేది కాదు. అలా ఆరు వారాలు గడిపాను. బాలింతరాలికి ఒళ్లు నొప్పులు మామూలేనని అందరూ అంటుంటే, నేనే సుకుమారం పోతున్నానేమో అనుకున్నాను.

ఒకరోజు పాపను పరుపు మీద నుంచి ఎత్తుతుంటే కుడిచేతి పట్టు తప్పింది. ఎడమచెయ్యి ఆపింది. పాపకు అదేదో ఆటలా తోచి నవ్వింది. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. మర్నాడే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం.

ఆయన బొటనవేలిని లోపలికి మడిచి పిడికిలి బిగించమన్నారు. ఆ పిడికిలిని మెల్లగా చిటికెనవేలి వైపు వంచారు. నా కేకకు బయట కూర్చున్నవాళ్లు తొంగిచూశారు. డి క్వెర్వేన్ జబ్బు అన్నారు. 1895లో దీన్ని వివరించిన స్విట్జర్లాండ్ సర్జన్ పేరే దీనికి పెట్టారట. బొటనవేలిని కదిలించే రెండు టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి, మణికట్టు దగ్గర ఒక ఇరుకైన గొట్టంలోంచి వెళ్తాయి. ఆ గొట్టం గోడ మందమైతే వేలు కదిలినప్పుడల్లా అవి ఒరుసుకుంటాయి. వాచిన చోటునే నేను నూనె పెట్టి రోజూ రుద్దానన్నమాట.

"పాపను ఎలా ఎత్తుతారో ఈ దిండుతో చూపించండి" అన్నారు డాక్టరు. అందరిలాగే బొటనవేళ్లు చాచి, చంకల కింద చేతులు వేసి లేపాను. "రోజుకు ఎన్నిసార్లు?" అన్నారు. ఆ సాయంత్రం నుంచి మర్నాడు సాయంత్రం దాకా లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది దాకా వచ్చి, ఆ తర్వాత మరిచిపోయాను. ఆరు కిలోల పిల్ల!

బొటనవేలు, మణికట్టు కదలకుండా పట్టీ, మంచు కాపడం, పాలిచ్చే తల్లి వేసుకోదగ్గ నొప్పి మాత్రలు ఇచ్చారు. ఎత్తాల్సి వస్తే అరచేతులు పైకి తిప్పి, ఒకటి పిరుదుల కింద, ఒకటి మెడ కింద పెట్టి చేటలా ఎత్తాలి. వీలైనంతవరకు ఎత్తకూడదు. ఈ చివరి మందు మింగడమే కష్టమైంది.

అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేరు. అందుకని స్నానం మా ఆయన వంతుకు వచ్చింది. లుంగీ పైకి మడిచి, పీట మీద కూర్చుని కాళ్లు చాపారు. పాపను బోర్లా పడుకోబెట్టి, గాజు బొమ్మను తాకినట్టు రెండు వేళ్లతో వీపు రుద్దుతున్నారు. సున్నిపిండి చెవి వెనక అలాగే ఉండిపోయింది. "అలా కాదండీ" అంటూ పట్టీ కట్టిన చేతితోనే ముందుకు వంగాను. "నువ్వు అవతలికి వెళ్లమ్మా. వాడికి రెండు రోజుల్లో అదే వస్తుంది" అన్నారు అత్తయ్య. తలుపు వెనక నిలబడి చెంబుల చప్పుడు వింటూ ఉండిపోయాను. నాలుగో రోజు పాప ఆయన కాళ్ల మీదే నిద్రపోయింది. సంతోషించాల్సిందే. నాకు మాత్రం ఒళ్లు మండింది.

మూడు వారాలకు నొప్పి సగం తగ్గి అక్కడే ఆగిపోయింది. అప్పుడు ఆ గొట్టంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ రాత్రి నొప్పి ఇంకా పెరిగి, చేయించుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. పది రోజుల తర్వాత వీధి తలుపు తాళం తీసి లోపలికి వచ్చాక గానీ గుర్తు రాలేదు, తాళం తిప్పింది కుడిచేత్తోనని. సూది గుచ్చిన చోట చర్మం కందిగింజంత మేర తెల్లబడింది. అలా అవుతుందని ముందే చెప్పారు.

ఏడో నెలలో అన్నప్రాశనకు అమ్మ వచ్చింది. నా మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసి, "చూశావా, వాతం దిగిపోయింది" అంది. సంచి విప్పి, తడిగుడ్డలో చుట్టి తెచ్చిన వావిలాకు కట్ట తీసి నీళ్లు కాచడానికి వంటింట్లోకి వెళ్లింది.