గాల్లో లంకలు: డీఓసీ 9 నుంచి 71 దాకా

కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా నాది. రెండు చెరువులు, నీళ్ళలోకి గాలి కలిపే ఎనిమిది ఏరేటర్లు, ఒక జనరేటరు. కరెంటు పోతే వెంటనే లేచి జనరేటరు వెయ్యాలి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ వేళ కన్ను మూస్తే పంట పోయినట్టే. ఆ మెలకువ కోసం మకాం షెడ్డులో పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని, బ్లాకులతో కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆట ఆడతాను. తారీఖులు నాకు గుర్తుండవు, చెరువులో రొయ్య పిల్ల వదిలి ఎన్నో రోజన్నది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ లెక్కనే మేం డీఓసీ (డేస్ ఆఫ్ కల్చర్) అంటాం, అందుకని ఈ లాగ్ కూడా అందులోనే రాస్తున్నాను.

ఆడేది స్కైబ్లాక్. 2011లో నూబ్‌క్రూ అనే ఆటగాడు చేసిన మ్యాప్‌తో మొదలైన పద్ధతి. ఆకాశంలో చిన్న మట్టి తునక, దాని మీద ఒక చెట్టు, ఒక పెట్టె. పెట్టెలో లావా బకెట్టు, మంచుగడ్డ. చుట్టూ శూన్యం. కాలు జారితే ప్రాణం తిరిగొస్తుంది గానీ సామాను రాదు. నేను ఆడే రకంలో ఇంకో సంగతి ఉంది. మామూలు ప్రపంచాన్ని పుట్టించి అందులో బ్లాకులన్నీ తీసేశారు, బయోమ్‌లు, అంటే ఏ చోటు ఏ రకం ప్రాంతమన్నది, మాత్రం ఎక్కడివక్కడే వదిలేశారు. అంటే ఏమీ కనపడని గాలిలోనే ఇది చిత్తడి, ఇది ఎడారి, ఇది మంచు అని హద్దులున్నాయి. గోదావరి కోసుకుపోయిన లంకకి కూడా పట్టా కాగితంలో సర్వే నంబరు ఉంటుంది చూడండి, అలాగన్నమాట.

డీఓసీ 9

నీళ్ళు, లావా కలిసేచోట కాబుల్‌స్టోన్ అనే రాయి పుడుతుంది, అది ఎంత తవ్వినా తరగదు. వంతెనలన్నీ దానితోనే. నిండు బ్లాకులు వాడకండి, పలకలు చేసుకోండి. మూడు రాళ్ళకి ఆరు పలకలొస్తాయి, రాయి సగం మిగులుతుంది. రెండో లాభం ఇంకా పెద్దది: కింది సగంలో పరిచిన పలక మీద జాంబీలూ అస్థిపంజరాలూ పుట్టవు, దీపాలు పెట్టే పని తప్పుతుంది. షిఫ్ట్ నొక్కిపట్టి, వెనక్కి నడుస్తూ, ముందటి పలక పక్కకి గురిపెట్టి వేసుకుంటూ పోవడమే.

ఎటు వెళ్ళాలో తెలియాలిగా. ప్రపంచాన్ని పుట్టించిన సీడ్ నంబరు పెట్టి మ్యాప్ ఒక్కసారి చూసేశాను. శని, ఆదివారాలు నా దగ్గరకొచ్చి పడుకునే మేనల్లుడికి అది నచ్చలేదు. "కాపీ కొట్టేశావ్ మావయ్యా" అన్నాడు. ఏడో తరగతి చదివేవాడికున్న నిజాయితీ నాకు లేదు. తూర్పుకి 210 బ్లాకుల దూరంలో చిత్తడి. ఒక వరస వంతెనకి 105 రాళ్ళు సరిపోతాయి.

డీఓసీ 16

చిత్తడికి చేరాను. చేరానని ఎలా తెలిసిందంటే, కంప్యూటర్‌లో ఎఫ్3 నొక్కితే బయోమ్ పేరు రాసి ఉంటుంది. ఫోన్లో ఆడేవాళ్ళకి నా చిట్కా: కత్తెరతో కోసిన ఓక్ ఆకుల బ్లాకులు కొన్ని వెంట ఉంచుకోండి. దారిలో అక్కడక్కడా ఒకటి పెట్టి చూస్తే రంగు మారుతుంది. ఇంటి లంక దగ్గర పచ్చగా ఉన్న ఆకు ఇక్కడ ఎండిన పాచిలా నల్లపచ్చగా అయిపోయింది. నీళ్ళు పోసి చూశాను, అవీ అంతే, మురిక్కాలవ రంగు. అదే బకెట్టు, అవే నీళ్ళు. మేనల్లుడు తీసి మళ్ళీ పోయించాడు, నాలుగుసార్లు.

ఈ ఆటలో నాకు పట్టుకున్నది ఇక్కడే. మట్టి మోసుకెళ్ళొచ్చు, చెట్టు మోసుకెళ్ళొచ్చు, నీళ్ళు మోసుకెళ్ళొచ్చు. బయోమ్ మాత్రం చోటుకి అంటుకుని ఉంటుంది, దాని దగ్గరికి మనమే వెళ్ళాలి. కాబట్టి ఏది మోసుకొచ్చేదో, ఏది అక్కడికెళ్ళి చేసుకునేదో ముందే విడదీసి రాసుకున్నాను. రెండో జాబితాలో జిగురు ముద్దలు, కప్పలు, మంచు ఉన్నాయి.

డీఓసీ 23

పెద్ద నష్టం. ఆటలో మూడు రోజులు పడుకోకపోతే ఫాంటమ్‌లని రెక్కల పిశాచాలు దిగుతాయి. వంతెన మధ్యలో రెండు వచ్చి తన్నాయి, పడిపోయాను. చేతిలో మూడు మడ మొక్కలు, అంటే 15 పచ్చలు (ఆటలో డబ్బు ఇవే). పచ్చల లెక్క చెప్తాను: జాంబీగా మారిన గ్రామస్థుడొకడిని పట్టి, బలహీనత మందు చల్లి, బంగారు ఆపిల్ తినిపించి మనిషిని చేశాను. నా అదృష్టం, బాణాలు చేసేవాడయ్యాడు. వాడు 32 పుల్లలకి ఒక పచ్చ ఇస్తాడు. నాలుగు దుంగలకి 32 పుల్లలు. సంచారి వర్తకుడు ఒక్కో మొక్కకి ఐదు పచ్చలు తీసుకుంటాడు. మొత్తం అరవై దుంగలు ఒక్క తాపుతో శూన్యంలోకి పోయాయి.

"నువ్వు ఇక్కడా పడుకోవు, అక్కడా పడుకోవు, అందుకే వచ్చాయి" అన్నాడు మేనల్లుడు. ఏం చెప్పను!

మందు ఏంటంటే, మంచం వెంట తీసుకెళ్ళి రాత్రికోసారి పడుకోవడం. వంతెనని రెండు వరసలు చేసి, అటూ ఇటూ ఒక బ్లాకు ఎత్తున అంచు కట్టాను. గట్టు లేని చెరువులో నీళ్ళు పెట్టినట్టు ఎలా ఉంచానో ఇన్నాళ్ళూ!

డీఓసీ 31

జిగురు షెడ్డు. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నేను చూసిన వీడియోల్లో సగం చెప్పి వదిలేస్తారు.

చిత్తడిలో స్లైమ్‌లు, అంటే ఎగిరే జిగురు ముద్దలు, ఎత్తు 51కీ 69కీ మధ్యే పుడతాయి (కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్ మాట చెప్తున్నాను). వెలుతురు 7కి మించకూడదు. మిగతా దుష్ట జీవాలకి 1.18 వెర్షన్ నుంచి దీపం వెలుగు సున్నా అయితేనే పుట్టుక. ఈ రెంటి మధ్యా సందు ఉంది. వెలుతురు 1 నుంచి 7 మధ్యలో ఉంచామా, జాంబీలు రావు, క్రీపర్లు రావు, ముద్దలే వస్తాయి. ఎంత మసకైతే అంత మంచిది.

మామూలు కాగడా వెలుగు 14, అది పనికిరాదు. రెడ్‌స్టోన్ కాగడా సరిగ్గా 7. బ్లాకు బ్లాకుకీ ఒకటి చొప్పున తగ్గి ఆరు బ్లాకుల అవతల 1 అవుతుంది. నేను కట్టింది 24 బై 24 గచ్చు, ఎత్తు 60 దగ్గర. ఆరేసి బ్లాకులకొకటి చొప్పున 16 కాగడాలు. రెడ్‌స్టోన్ గని లేదు కదా, మంత్రగత్తెలని చంపితే రాలే పొడితోనే చేశాను, దానికే వారం పట్టింది. లోపల ఎత్తు మూడు బ్లాకులు ఉండాలి. పెద్ద ముద్ద రెండు బ్లాకులకి కొంచెం పైనే ఉంటుంది, రెండే వదిలితే అది పుట్టదు. మొదట నేను రెండే వదిలాను, కప్పు విప్పి మళ్ళీ వేశాను. పగటి వెలుతురు రాకుండా పైన పలకలు, చుట్టూ గోడ. గచ్చుకి 576, కప్పుకి 288, గోడలకి 300, మొత్తం 1,164 రాళ్ళు. రాతి పికాక్స్ 131 దెబ్బలకి విరుగుతుంది కాబట్టి తొమ్మిది పికాక్స్‌లు.

మనిషి 24 బ్లాకుల కంటే దగ్గరుంటే ఏదీ పుట్టదు. 30 బ్లాకుల దూరంలో చిన్న అరుగు కట్టుకుని అక్కడ కూర్చోవాలి.

కూర్చున్నాను. ఒక్క ముద్దా లేదు. వెలుతురు చూశాను, ఎత్తు చూశాను, ఎఫ్3లో బయోమ్ చూశాను. అన్నీ సరే. మర్నాడు శనివారం మేనల్లుడొచ్చి ఆకాశం వైపు తిప్పమన్నాడు. చంద్రుడు లేడు. అమావాస్య!

చిత్తడి ముద్దలకి చంద్రుడితో లెక్క. పౌర్ణమికి ఎక్కువ, తగ్గుతూ వచ్చి అమావాస్యకి సున్నా. కప్పు వేసినా, పగలైనా ఆ లెక్క మారదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెరువు దగ్గర నేను చేసేది అదే పని. పౌర్ణమికి, అమావాస్యకి రొయ్య గుల్ల వదులుతుందని మేత తగ్గిస్తాం, మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రేలు రెండుసార్లు లేపి చూస్తాం. షెడ్డు గోడకి క్యాలెండర్ వేలాడుతోంది, తిథులకి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. దాని కిందే కూర్చుని అమావాస్య నాడు వల వేశాను.

ఆటలో రోజుకి 20 నిమిషాలు, చంద్రుడికి ఎనిమిది దశలు, 160 నిమిషాలకి చక్రం తిరుగుతుంది. అమావాస్య పడితే కాచుకుని కూర్చోనక్కర్లేదు, రాత్రి కాగానే మంచమెక్కితే మర్నాడైపోతుంది, దశ ముందుకి జరుగుతుంది. అలా నాలుగు రాత్రులు పడుకుంటే పౌర్ణమి. ఫాంటమ్‌ల బాధా పోతుంది. ఇప్పుడు నా పద్ధతి: అమావాస్యకి అటూ ఇటూ రాళ్ళు కొట్టుకోవడం, వంతెనలు వేసుకోవడం. పౌర్ణమికి అరుగు. మొదటి పౌర్ణమికి 43 జిగురు ఉండలు తీశాను. పెద్దది నరికితే చిన్నవిగా విడిపోతుంది, ఉండలు పడేది చిట్టచివరి చిన్నవాటి నుంచే. కాబట్టి పెద్దది చావగానే కత్తి దించకండి.

డీఓసీ 44

మడ మొక్క మళ్ళీ కొన్నాను, ఈసారి ఒక్కటే. ఒక్కటి చాలని ఆలస్యంగా తెలిసింది. చెట్టయ్యాక ఆకుల అడుగున ఎముకల పొడి వేస్తే కొత్త మొలకలు వేలాడతాయి, బాగా పొడుగయ్యాక కోసుకోవాలి, లేతగా కోస్తే ఏమీ రాదు. 2022 జూన్‌లో వచ్చిన 1.19లో పెట్టారు ఈ చెట్టు. పెట్టినవాళ్ళు మడ అడవిని చూసే పెట్టారనిపించింది. మా కోరింగలో చెక్క దారి మీద నడిచినప్పుడు ఉప్పుపొన్న కాయలు చూశాను, చెట్టున ఉండగానే మొలకెత్తి ఈటెల్లా కిందికి దిగి ఉంటాయి. ఆటలోదీ అంతే. నీళ్ళలో నాటినా బతుకుతుంది. ఇది మోసుకొచ్చే జాబితాలోది, ఏ బయోమ్‌లోనైనా పెరుగుతుంది, ఇంటి లంక చుట్టూ వేసేశాను.

మట్టి మీద సీసాడు నీళ్ళు పోస్తే బురద. బురదలో గోధుమ కలిపితే గట్టి బురద, నాలుగు గట్టి బురదలకి నాలుగు ఇటుకలు. మా అమ్మమ్మగారింట్లో గోడలకి వరిగడ్డి తొక్కి కలిపేవారు, అదే పని. మట్టి కొరతే అసలు బాధ. వర్తకుడి దగ్గర నాచు బ్లాకు కొని, అందులోంచి వచ్చే అజేలియా మొక్కని ఎముకల పొడితో చెట్టు చేస్తే, కింద బ్లాకు వేళ్ళ మట్టిగా మారుతుంది. పారతో కాదు, హో అనే నేల గీకే పనిముట్టుతో గీకితే మామూలు మట్టి. అలా ఎంతైనా.

డీఓసీ 52

ఎడారి, దక్షిణానికి 340. ఏమీ లేదు. హస్క్‌లని ఎండకి కాలని జాంబీలు, కొడితే ఆకలి అంటిస్తాయి. ఒక్కటే చూడాల్సింది: వానలో వెళ్ళండి. వంతెన మీద ఒక పలక దాకా వాన పడుతోంది, తర్వాతి పలక పొడి. కింద నేల లేదు, పైన మబ్బు ఒకటే, మధ్యలో వాన మాత్రం గీత గీసినట్టు ఆగిపోయింది. దాని మీద అటూ ఇటూ నడుస్తూ ఉండగా బయట నిజం వాన మొదలై కరెంటు పోయింది. జనరేటరు వేసొచ్చేసరికి అస్థిపంజరం నన్ను చంపేసింది.

డీఓసీ 63

కప్పలు. చిత్తడిలో బురద పరిచి వెలుగులో ఉంచితే వాటంతటవే వస్తాయి, నాకు రెండు రాత్రులు పట్టింది. జిగురు ఉండ తినిపిస్తే గుడ్లు పెడతాయి. తోకపిల్లని బకెట్టులో పట్టుకెళ్ళొచ్చు. అది ఏ బయోమ్‌లో పెద్దదైతే ఆ రంగు కప్ప: చిత్తడిలో నారింజ, ఎడారిలో తెలుపు, మంచులో ఆకుపచ్చ. తల్లి రంగుతో పనిలేదు. నారింజ, తెలుపు సులువుగా అయిపోయాయి.

మంచు లంక ఉత్తరానికి 600. గుంట కట్టి, నీళ్ళు పోసి, తోకపిల్లని వదిలి, చెరువు దగ్గర మేత వేసే టైమైందని ఆట ఆపకుండానే లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గుంట పైన గడ్డకట్టి ఉంది, పిల్ల లేదు. ఆకాశం కనపడే నీళ్ళు అక్కడ గడ్డకడతాయి. రెండోసారి గుంటకి పలకల కప్పు వేశాను. కప్పు కింద నీళ్ళు గడ్డకట్టవు, కాగడా అక్కర్లేదు. 20 నిమిషాల్లో పెద్దదవుతుంది, జిగురు ఉండలు వేస్తే ఇంకా తొందరగా.

డీఓసీ 71

ఆకుపచ్చ కప్ప వచ్చింది. మేనల్లుడు దానికి పేరు పెట్టాడు, నా పేరే. మూడు రంగులూ ఉన్నాయి గనక ఇప్పుడు నెదర్‌లో, అంటే ద్వారం దాటి వెళ్ళే ఆటలోని ఇంకో లోకంలో, చిన్న మాగ్మా ముద్దలని వీటికి మేపితే మూడు రకాల కప్పదీపాలు రావాలి. కప్పలని ద్వారం దాటించడం ఎలాగో చూడాలి, జిగురు ఉండ చేత్తో పట్టుకుంటే వెంట నడుస్తాయి గానీ ఆరు వందల బ్లాకుల వంతెన మీద గెంతే కప్పని నమ్మలేం. అంచు ఇంకో బ్లాకు ఎత్తు పెంచుతున్నాను, రెండు వైపులా 1,200 రాళ్ళు. ఎల్లుండి అమావాస్య, మేత తగ్గించాలి, ట్రేలు చూడాలి. ఆటలో ఈ రాత్రే.