థైరాయిడ్ క్యాన్సర్‌కి ఈస్ట్రోజన్ మీద కేసు పెట్టే ముందు

మా ఆడపడుచు మెడలో గడ్డ బయటపడి, సూది పరీక్షలో పాపిల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ అని తేలినప్పుడు మా అత్తగారు అడిగిన మొదటి మాట, "పిల్లలు వద్దని మింగిన ఆ మాత్రల వల్లేనా?" అని. ఆవిడ ఒక్కరే కాదు, పలకరించడానికి వచ్చినవాళ్ళలో సగం మంది హార్మోన్ల మాటే ఎత్తారు. ఏ హార్మోనో, ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు గానీ, ఆడమనిషికి జబ్బు చేస్తే ఆవిడ చేసిందేదో కారణమై ఉంటుందన్న ధీమా మాత్రం అందరికీ ఉంది.

అనుమానానికి ఆధారం లేకపోలేదు లెండి. ఈ క్యాన్సర్ మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో దాదాపు 3 రెట్లు ఎక్కువగా బయటపడుతుంది, ఆ తేడా పిల్లలు పుట్టే వయసులో ఎక్కువగా ఉండి నెలసరి ఆగిపోయాక తగ్గుతూ వస్తుంది. థైరాయిడ్ కణాల్లో, ఆ మాత్రల్లో సాధారణంగా ఉండే ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ వచ్చి అతుక్కునే రిసెప్టర్లు ఉన్నాయి, ఆల్ఫా, బీటా అని. ల్యాబ్‌లో పెంచిన క్యాన్సర్ కణాలకు ఈస్ట్రోజన్ తగిలిస్తే అవి వేగంగా పెరిగాయి. ఆల్ఫా పెరగమని ఎగదోస్తుంది, బీటా చాలావరకు పగ్గం వేస్తుంది, కాబట్టి రెండింట్లో ఏది ఎక్కువుందన్నదాన్ని బట్టి కథ మారుతుంది.

మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క అంత సాఫీగా కుదరదు. గర్భనిరోధక మాత్రలు వాడినవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాల్లో ముప్పు పెరిగినట్టు గట్టిగా తేలలేదు, కొన్నింట్లో కాస్త తగ్గినట్టే కనిపించింది. ఈ ముక్క మా అత్తగారికి చెప్పాను, నమ్మలేదు.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది 2021లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన. వేరే కారణాలతో పోయినవాళ్ళకి పోస్టుమార్టం చేసి చూస్తే, బతికుండగా ఎవరూ కనిపెట్టని చిన్న చిన్న పాపిల్లరీ క్యాన్సర్లు ఆడా మగా ఇద్దరిలోనూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయట! అమెరికా లెక్కల్లో 2 సెంటీమీటర్ల లోపు, గ్రంథి దాటని వాటిలో ఆడవాళ్ళు 4 రెట్లకు పైగా ఉంటే, ప్రాణం తీసే రకాల్లో ఇద్దరూ దాదాపు సమానం. అంటే తేడాలో చాలా భాగం వెతకడంలోనే ఉంది. మన ఆడవాళ్ళం నీరసమంటే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష రాస్తారు, నెలసరి తప్పితే రాస్తారు, పిల్లలు ఆలస్యమైతే రాస్తారు, జుట్టు రాలినా రాస్తారు, అందులో కాస్త అటూ ఇటూ అయితే మెడకి స్కానింగ్, స్కానింగ్‌లో శనగగింజంత గడ్డ. మా ఆడపడుచుది అలా దొరికిందే. అదే నీరసమని వెళ్ళిన వాళ్ళాయనకి బీపీ, షుగర్ చూసి పంపించేశారు.

దక్షిణ కొరియాలో ఇది దేశం మొత్తం మీద జరిగింది. 1999లో ప్రభుత్వం వేరే క్యాన్సర్లకు స్క్రీనింగ్ మొదలుపెడితే, ఆసుపత్రులు కొంచెం డబ్బు అదనంగా తీసుకుని మెడకీ స్కాన్ చేశాయి. 2011కి కేసులు 1993 నాటికంటే 15 రెట్లయ్యాయి, చావులు మాత్రం అక్కడే ఉన్నాయి.

అందుకని చేతికి తగిలే గడ్డనీ, మారిన గొంతునీ వదిలేయమని కాదు, అవి వెంటనే చూపించుకోవాల్సినవే. చిన్నప్పుడు మెడకి రేడియేషన్ తగిలినవాళ్ళకైతే ముప్పు నిజంగానే ఎక్కువ.

ఈస్ట్రోజన్ సంగతి పట్టించుకోవాల్సిన చోటు ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ అడగరు. అది రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ని మోసే ప్రోటీన్‌ని పెంచుతుంది. అందుకే గర్భిణులకీ, ఈ మాత్రలు వాడేవాళ్ళకీ రిపోర్టులో టోటల్ టీ4, అంటే రక్తంలోని మొత్తం థైరాయిడ్ హార్మోన్, ఎక్కువ కనిపించి టెన్షన్ పెడుతుంది, ప్రోటీన్‌కి అతుక్కోకుండా విడిగా ఉండే ఫ్రీ టీ4 మామూలుగానే ఉంటుంది. మోసే ప్రోటీన్ పెరిగితే హార్మోన్ కూడా ఎక్కువ కావాలి. గ్రంథి మొత్తం తీసేయించుకుని పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ హార్మోన్ బిళ్ళ వేసుకునేవాళ్ళకి ఆ పెరిగిన అవసరాన్ని తీర్చే గ్రంథే లేదు, కాబట్టి గర్భం వచ్చినా, ఈస్ట్రోజన్ బిళ్ళలు కొత్తగా మొదలుపెట్టినా డాక్టరుకి చెప్పి టీఎస్‌హెచ్ చూపించుకోవాలి, చాలామందికి డోసు పెంచాల్సి వస్తుంది.