ఆరో సెమిస్టర్ మిడ్‌వైఫరీకి ఆస్కీ పెట్టినప్పుడు: నా అనుభవం

2021 ఐఎన్‌సీ (ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్) సిలబస్ వచ్చాక బీఎస్సీ నర్సింగ్ ఇంటర్నల్స్‌లో ఆస్కీ (విద్యార్థులు వరుసగా స్టేషన్లు తిరుగుతూ ఒక్కోచోట ఒక్కో పని చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష, ఓఎస్‌సీఈ) పెట్టక తప్పదు. 48 మందికి మేం నడిపిన తీరు ఇది.

మొదట తేల్చుకోవాల్సింది టైము. ఎనిమిది స్టేషన్లు, అందులో ఒకటి రెస్ట్. స్టేషన్‌కి 6 నిమిషాలు, మారడానికి 1 నిమిషం. అంటే ఎనిమిది మందికి ఒక రౌండు 56 నిమిషాలు. ఒకటే వరుస పెడితే ఆరు రౌండ్లు కావాలి. సాయంత్రానికి ఎగ్జామినర్ల కళ్లు మూతలు పడతాయి, పొద్దున్న కఠినంగా వేసిన మార్కులు మధ్యాహ్నానికి మెత్తబడతాయి. అందుకే రెండు హాళ్లలో రెండు వరుసలు పెట్టాం. మూడు రౌండ్లు, మధ్యలో ట్రేలు మళ్లీ సర్దడానికి పదిహేనేసి నిమిషాలు. మొత్తం 3 గంటల 18 నిమిషాలు. పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో గీసే చార్టు), మందు లెక్క రాత స్టేషన్లు కాబట్టి వాటికి ఎగ్జామినర్ అక్కర్లేదు. మిగతా ఐదింటికి రెండు వరుసల్లో పదిమంది సరిపోయారు. పరీక్ష అయినవాళ్లు, కానివాళ్లు కలవకుండా వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టాలి. ఫోన్లు ముందే తీసుకోవాలి. లేకపోతే రెండో రౌండుకల్లా ప్రశ్నలన్నీ బయటికి పొక్కుతాయి.

పార్టోగ్రాఫ్ దగ్గర ముందే జాగ్రత్తపడాలి. పాత షీటులో యాక్టివ్ ఫేజ్ (నొప్పులు జోరందుకునే దశ) గర్భాశయ ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి మొదలు. డబ్ల్యూహెచ్ఓ 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్‌లో 5 నుంచి. ఏ షీటో ప్రశ్నలో రాయకపోతే పిల్లలు ఒకలా గీస్తారు, దిద్దేవాళ్లు ఇంకోలా దిద్దుతారు. తప్పు పిల్లలది కాదు.

మందు లెక్కకి మాగ్‌సల్ఫ్ (గర్భిణుల్లో ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్) ఇచ్చాం. 50 శాతం ఆంప్యూల్, 2 మి.లీ.లో 1 గ్రాము. 4 గ్రాముల లోడింగ్ డోసు (మొదటి డోసు) 20 శాతంగా ఐవీ ఇవ్వాలంటే నాలుగు ఆంప్యూళ్లు అంటే 8 మి.లీ., దానికి 12 మి.లీ. సెలైన్, మొత్తం 20. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 8 మి.లీ.కి 20 మి.లీ. సెలైన్ కలిపి 28 చేస్తారు. డోసు మారదు గానీ గాఢత 14 శాతానికి పడిపోతుంది. రెండో ప్రశ్నగా తర్వాతి డోసుకి ముందు ఏం చూస్తావని అడిగాం. మోకాలి జర్క్ ఉండాలి, శ్వాస నిమిషానికి 16కి తగ్గకూడదు, గత నాలుగు గంటల్లో మూత్రం గంటకి 30 మి.లీ.కి తగ్గకూడదు. విరుగుడుగా 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. పక్కనే ఉంచుకోవాలని రాయనివాళ్లకి ఆ ప్రశ్నలో సగం మార్కులే.

పొట్ట పరీక్షకి మానికిన్‌నే (శిక్షణ బొమ్మనే) వాడాం. ఒక గర్భిణిని ఇంతమంది తడమడం సరికాదు. ముందు మూత్రానికి వెళ్లి రమ్మని చెప్పారా, ఫండల్ హైట్ (గర్భాశయం ఎత్తు) కొలిచేటప్పుడు కాళ్లు చాపించారా, గ్రిప్స్‌కి (చేతులతో తడిమి బిడ్డ ఎలా ఉందో చూడటానికి) మోకాళ్లు మడిపించారా అన్నవి చూస్తాం. చాలామంది రెండింటికీ ఒకే భంగిమ పెడతారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది న్యూబార్న్ స్టేషన్, అంటే ఊపిరి తీసుకోని పసిబిడ్డకి బ్యాగు, మాస్కుతో గాలి అందించడం. మొదట రాసుకున్న చెక్‌లిస్టులో పది అంశాలు: మాస్కు సైజు, మెడ కొద్దిగా వెనక్కి వంచడం, ముక్కూ నోరూ గడ్డం కొనా కప్పేలా పెట్టడం, నిమిషానికి 40 నుంచి 60 సార్లు బ్యాగు నొక్కడం, ఇలా. ట్రయల్ వేస్తే ఛాతీ ఒక్కసారి కూడా లేవకపోయినా పదికి ఎనిమిది వచ్చేస్తున్నాయి! బిడ్డకి గాలి అందలేదు, మార్కులు మాత్రం పడ్డాయి. దాంతో నిబంధన మార్చాం. ఛాతీ లేవకపోతే మాస్కు సరిచేసి, తల మళ్లీ సర్ది, నోట్లో స్రావాలు చూసుకోవాలి. ఆ సరిచేసే ప్రయత్నమే లేకపోతే మిగతా టిక్కులు ఎన్ని పడ్డా ఆ స్టేషన్ ఫెయిల్. నోటితో చెప్పిన స్టెప్పుకి మార్కు లేదు, చేసి చూపిస్తేనే. ‘చేతులు కడుక్కున్నాను మేడమ్’ అనేస్తే కుదరదు.

తల్లిపాల కౌన్సెలింగ్‌కి మా ట్యూటర్లలో ఒకరిని బాలింతగా కూర్చోబెట్టాం. ‘పాలు చాలట్లేదమ్మా, డబ్బాపాలు పట్టమంటోంది మా అత్త’ అన్న ఒక్క మాటతో మొదలుపెడతారు, ప్రతి విద్యార్థికీ అవే మాటలు. ‘ఎక్స్‌క్లూజివ్ బ్రెస్ట్ ఫీడింగ్ చేయాలి’ అని అప్పజెప్పినవాళ్లకంటే, బిడ్డ రోజుకి ఎన్నిసార్లు మూత్రం పోస్తోందని అడిగి, ఆరుసార్లకి తగ్గకపోతే పాలు చాలుతున్నట్టేనని ధైర్యం చెప్పినవాళ్లే నిజంగా వార్డుకి పనికొస్తారు.

పాస్ మార్కు ముందే 50 అని పెట్టుకోలేదు. చెక్‌లిస్టుతోపాటు ప్రతి ఎగ్జామినరూ ఒకటి నుంచి ఐదు దాకా మొత్తంగా ఒక రేటింగ్ ఇచ్చారు, రెండు అంటే బోర్డర్‌లైన్ (పాసో ఫెయిలో తేల్చలేని స్థాయి). ఆ రేటింగ్ వచ్చినవాళ్ల చెక్‌లిస్టు మార్కుల సగటే ఆ స్టేషన్ పాస్ మార్కు. అందులో నలుగురైదుగురే ఉంటే ఆ సగటు నిలకడగా ఉండదు. అప్పుడు అందరి మార్కులూ రేటింగ్‌లూ ఎక్సెల్‌లో వేసి, స్లోప్, ఇంటర్‌సెప్ట్ ఫార్ములాలతో (రేటింగ్‌ని బట్టి మార్కు ఎలా మారుతుందో చూపే గీత లెక్క) రేటింగ్ రెండు దగ్గర ఎంత మార్కు వస్తుందో తీసుకోవాలి. రెండు హాళ్ల సగటులు కూడా పోల్చుకోవాలి. ఒకే స్టేషన్‌లో బాగా తేడా వస్తే విద్యార్థుల కంటే ముందు ఎగ్జామినర్లతో మాట్లాడాలి.

ఫెయిలైనవాళ్లకి చెక్‌లిస్టు చూపించి, ఎక్కడ తప్పిందో మానికిన్ మీదే చేయించి, వారం తర్వాత ఆ స్టేషన్ ఒక్కటే మళ్లీ పెట్టాం. న్యూబార్న్ స్టేషన్‌లో రెండోసారి బిడ్డ బరువు, మాస్కు సైజు మార్చాం.