31 గంటలు

2025 జులై 14, సోమవారం, తిరుపతి

పొద్దున ఆరు కాకముందే ఫోను. వరసకు అత్త, బెంగళూరు నుంచి. "నలుగురం వస్తున్నామమ్మా, నువ్వు చదివేది జర్నలిజమే కదా, పత్రికల వాళ్లకు దర్శనం విడిగా ఉంటుందట కదా" అంది. నేనింకా విలేకరిని కాలేదత్తా, ఎం.ఏ. మొదటి ఏడాది గట్టెక్కానంతే అన్నాను. "నీకు తెలియకపోతే మీ సార్లకు తెలిసి ఉంటుందిలే" అని పెట్టేసింది. తిరుపతిలో జర్నలిజం చదివేవాళ్లకు ఈ ఫోను తప్పదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు దొరకని ప్రతి చుట్టానికీ మేమే గుర్తొస్తాం. మా అమ్మది ఇంకో ఆరాటం, టీవీలో ఎప్పుడు కనిపిస్తావని. రాసే ఉద్యోగం కూడా ఒకటుందని ఆమెకు రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాను.

మొదటి గంట పత్రికల చరిత్ర. ఆంధ్రపత్రిక దగ్గరున్నాం. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. అంతకుముందే, 1893లో, అమృతాంజనం వ్యాపారం పెట్టారు. తలనొప్పి మందు సంపాదించి పెడితే పత్రిక నడిచిందన్నమాట. పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. నాకు మాత్రం వేరే అనుమానం వచ్చింది: ఆ మందు పనిచేయలేదని ఎవరైనా ఉత్తరం రాసి ఉంటే అచ్చు వేసేవారా? అడుగుదామనుకున్నాను, అంతలో గంట కొట్టారు.

రెండో గంట ప్రయోగ పత్రిక, అంటే విద్యార్థులం అభ్యాసం కోసం తెచ్చే పత్రిక, సమావేశం. అసలు ఈ రోజు రాసుకోవాల్సింది దీని గురించే.

సెలవుల్లో ఎవరి ఊరి నుంచి వాళ్లు ఒక వార్త రాసుకురావాలన్నారు. మాది చిత్తూరు పక్క పల్లె, మూడెకరాల తోతాపురి తోట. ఈ ఏడు మామిడి సంగతి జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. కిలోకు 12 రూపాయలు రైతుకు దక్కాలని ప్రభుత్వం ప్రకటించింది, అందులో ఎనిమిది గుజ్జు ఫ్యాక్టరీలు ఇవ్వాలి, నాలుగు ప్రభుత్వం రైతు ఖాతాలో వేస్తుంది. కాయ మాత్రం ట్రాక్టర్లలో, ఫ్యాక్టరీ గేట్ల ముందు, ఎండలో. కళ్ల ముందే ఇంత వార్త ఉండగా నేను ఇంకేం వెతుక్కోను? జూన్ చివరి శని, ఆదివారాల్లో నాన్న లోడుతో వెళ్తే క్యారియరు పట్టుకుని నేనూ వెళ్లాను. అక్కడే రోడ్డు పక్కన కూర్చుని రాశాను. "రైతు కంట కన్నీరు" అని శీర్షిక పెట్టాను. మూడు రోజులుగా పడిగాపులు, కిలో ఐదు రూపాయలకే దోపిడీ, ఇలా సాగుతుంది. రాశాక నాకే గొంతు పట్టుకుంది. మంచి వార్త రాశానని గట్టిగా నమ్మాను.

మేడం దాన్ని అందరి ముందూ పైకి చదివారు. చదివి, ఎర్ర పెన్ను తీయకుండానే అడిగారు.

"కన్నీరు ఎవరు పెట్టారు?"

"రైతులు, మేడం."

"నువ్వు చూశావా?"

చూడలేదు. నేను వెళ్లేసరికి నాన్న ట్రాలీ కింద తువ్వాలు పరుచుకుని నిద్రపోతున్నారు. పక్క ట్రాక్టరు వాళ్లు చింతచెట్టు కింద పేకాడుతున్నారు. ఏడ్చినవాళ్లు ఒక్కరూ లేరు. శీర్షిక అక్కడే పోయింది.

"ఎన్ని ట్రాక్టర్లు?" చాలా, అన్నాను. "చాలా అంటే?" ఫోనులో ఫోటో తీశాను కదా అని దాన్ని పెద్దది చేసి లెక్కపెట్టాను. గేటు నుంచి మలుపు వరకు కనిపించేవి 23. "మలుపు అవతల?" తెలియదు. "అయితే మలుపు వరకు 23 అని రాయి. అవతల ఎన్నో చూసినప్పుడు రాద్దువు."

"ఐదు రూపాయలని ఎవరన్నారు?" గేటు దగ్గర చెప్పారు. "గేటు దగ్గర ఎవరు?" నా దగ్గర సమాధానం లేదు. కాటా చీటీ ఫోటో మాత్రం ఉంది. మామిడి సొన అంటి ఒక మూల నల్లబడిన పసుపు కాగితం. బండి నంబరు ఉంది, బరువు ఉంది, 4,100 కిలోలు. ధర అని అచ్చేసిన గడి ఉంది, అందులో ఏమీ లేదు. ఎనిమిది లేదు, ఐదూ లేదు. ఆ చీటీని రెండు వారాలుగా ఫోనులో మోసుకు తిరుగుతూ ఆ ఖాళీ గడిని నేను గమనించనే లేదు. మేడం ఒక్క చూపులో పట్టేశారు. "నీ వార్త ఇదమ్మా. ధర రాయకుండా కాయ దించుకున్నారు. దీనికి కాగితం సాక్ష్యం ఉంది. నీ ఐదు రూపాయలకు లేదు."

తర్వాత అసలు ప్రశ్న. "ఈ రైతు నీకు ఎలా తెలుసు?"

మా నాన్న అని చెప్పాను. క్లాసు నవ్వింది. మేడం నవ్వలేదు. సొంత మనిషి మాట మీద వార్త నిలబెట్టకూడదన్నారు. మరో ఇద్దరు రైతులతో మాట్లాడాలి, ఫ్యాక్టరీ వాళ్లను అడగాలి. నాన్న కావాల్సిందే అనుకుంటే ఆయన ఈ విలేకరి తండ్రి అని వార్తలోనే చెప్పాలి. అచ్చుకు ముందు అవతలివాళ్లను అడిగి సరిచూసుకోవాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలో చదివి, మొన్న పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నదాన్ని. రోడ్డు పక్కన కూర్చుని రాసేటప్పుడు అది గుర్తే రాలేదు.

కోపం వచ్చిన మాట నిజం. నాన్న నిద్రపోయింది సుఖంగానా? ఆ ముక్క ఎవరు రాస్తారు?

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక సీనియర్ అక్క కలిసింది. ఒక పత్రికకు మండల విలేకరిగా చేస్తోంది. జీతం లేదు, లైన్ అకౌంటు. ఎంత అచ్చయితే అంత లెక్క. దానికి తోడు ప్రకటనలు తేవాలి. నా గొడవంతా విని, "మీ ఫ్యాక్టరీ వాళ్లే మాకు వార్షికోత్సవ సంచికకు అరపేజీ ప్రకటన ఇచ్చారే" అంది. మరి వాళ్ల మీద వార్త రాస్తావా అక్కా అంటే పెరుగన్నం కలుపుతూ చాలాసేపు ఊరుకుంది. "రాసి పంపుతాను. వేసేదీ వేయనిదీ డెస్క్ ఇష్టం" అంది చివరికి. పొద్దున అమృతాంజనం గురించి అడగకుండా మింగిన ప్రశ్న నా కంచం దాకా వచ్చి కూర్చుంది. నాన్న గురించి రాయడానికి నాకెంత ఇబ్బందో, ప్రకటన ఇచ్చినవాళ్ల గురించి రాయడానికి ఆమెకూ అంతే. కాకపోతే నా చుట్టరికం ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. ఆమెది ఏ వాక్యంలో చెబుతుంది?

మూడింటికి ఫ్యాక్టరీకి ఫోను చేశాను. విద్యార్థిని, మా ప్రయోగ పత్రిక కోసం అని ముందే చెప్పాను. గుమాస్తా ఎవరో ఎత్తారు. కసురుకుంటారనుకున్నాను, తీరిగ్గానే మాట్లాడారు. "పోయినేడు తీసిన గుజ్జే డ్రమ్ముల్లో ఉండిపోయిందమ్మా. కొనేవాళ్లు లేరు. ధర పైవాళ్లు ఖాయం చేశాక రాస్తాం, అందుకే ఖాళీ." ఆయన మాటలో కొంత నిజం ఉన్నట్టే అనిపించింది. అలా అనిపించినందుకు నామీద నాకే చిరాకు వేసింది. ఫోను పెట్టాక చూసుకుంటే ఆయన పేరు అడగలేదు.

సాయంత్రం ల్యాబులో కూర్చుని మళ్లీ మొదలుపెట్టాను. టోకెను చీటీ మీద శనివారం ఉదయం 6.20. కాటా చీటీ మీద ఆదివారం మధ్యాహ్నం 1.20. తీసివేస్తే 31 గంటలు. మూడు రోజులు ఎక్కడివి? నాన్న చెప్పారు, నేను రాశాను, అంతే. నాన్న నాకు అబద్ధం చెప్పారా అన్న ఆలోచన రాగానే ఏదోలా అయింది.

ఎనిమిదింటికి ఫోను చేసి అడిగాను. "శుక్రవారం పొద్దున కదమ్మా కోత. కోసిన కాయ కోసినప్పటి నుంచీ మెత్తబడుతూనే ఉంటుంది. నేను అప్పటినుంచి లెక్కేశాను" అన్నారు. శుక్ర, శని, ఆది. ఆయన లెక్క ఆయనకు సరిగ్గానే ఉంది. చీటీ లెక్క గేటు దగ్గర మొదలైతే ఆయన లెక్క చెట్టు దగ్గర మొదలైంది. నాలుగు రూపాయలు ఖాతాలో పడ్డాయా అంటే ఇంకా లేదన్నారు.

మీ పేరు వేయనా నాన్నా అని అడిగాను. కాసేపు మాట లేదు. "వద్దులే అమ్మా. వచ్చే ఏడు కూడా కాయ ఆ గేటులోకే పోవాలి. పక్కూరి ఆయన ఫోను నంబరు ఇస్తాను, ఆయన మాట్లాడతాడు, ఆయనకు భయం లేదు." ఇంకేదో గుర్తొచ్చినట్టు, "31 గంటలేనా? నీ లెక్క సరిగ్గా చూసుకున్నావా?" అన్నారు.

చూసుకున్నాను. రెండుసార్లు.

హాస్టలుకు వచ్చాక మొదటి పేరా ఇలా మార్చాను: "చిత్తూరు సమీపంలోని ఒక గుజ్జు ఫ్యాక్టరీ వద్ద జూన్ 28న టోకెను తీసుకున్న తోతాపురి లోడు 31 గంటల తర్వాత కాటాకు ఎక్కింది. కాటా చీటీలో బరువు ఉంది, ధర గడి ఖాళీగా ఉంది." చప్పగా ఉంది. పక్క మంచం అమ్మాయికి చదివి వినిపిస్తే వెంటనే లేచి కూర్చుని, "ధర రాయకుండా ఎలా దించుకుంటారు?" అంది. కన్నీరు శీర్షిక చదివినప్పుడు "బాగుంది" అని మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయింది ఈ అమ్మాయే.

నాన్న సంగతి ఇంకా తేల్చలేదు. పక్కూరి ఆయన, ఇంకో రైతు ఒప్పుకుంటే వాళ్ల చీటీలు వాడి నాన్నను పూర్తిగా పక్కన పెడతాను. అప్పుడు ఈ 31 కూడా పోతుంది, వాళ్లది ఎన్ని గంటలో మళ్లీ లెక్క కట్టాలి. రేపు పదింటికి ముందు ఆయనకు, తర్వాత ఫ్యాక్టరీకి ఫోను చేయాలి. ఈసారి గుమాస్తా పేరు అడగాలి. అత్తకు కూడా చేయాలి, టికెట్ల సంగతి నా వల్ల కాదని.