ఫిబ్రవరిలో ఏం పూసింది?

సియాటిల్ చుట్టుపక్కల తోటల్లో మే నెలలో పూలకు కొదవ ఉండదు. రోడోడెండ్రాన్లు, అజేలియాలు, లైలాక్‌లు అన్నీ కలిసి విరగబూస్తాయి. అప్పుడు గాల్లో నిలబడి పూల తేనె తాగే చిట్టి పిట్ట హమ్మింగ్‌బర్డ్ ఎటు తిరిగినా తేనే. దానికి గడ్డుకాలం జనవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా. ఆ రోజుల్లో ఇక్కడి పెరళ్లు చాలావరకు బోసిగా ఉంటాయి. చలిలో పూసే మొక్కలు లేక కాదు, మనుషులు మొక్కలు కొనే పద్ధతి వల్ల. నేను పనిచేసే నర్సరీలో ఏటా చూస్తున్నదే ఇది. చలికాలమంతా ఎవరో ఒకరిద్దరు తప్ప రారు. ఏప్రిల్‌లో మొదటి వెచ్చని శనివారం వచ్చిందంటే కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు. ఆ రోజు కళ్లెదుట ఏది పూసి ఉంటే అదే బండిలోకి ఎక్కుతుంది. కొన్నేళ్లు అలా కొంటూ పోతే ఇంట్లో అన్నీ ఏప్రిల్, మే మొక్కలే పోగవుతాయి. ఫిబ్రవరిలో ఆ పెరట్లోకి వచ్చిన పిట్ట ఉత్త నోటితో వెళ్లిపోతుంది.

మాది కడియం పక్క ఊరు. కడియపులంక నర్సరీల గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. అంట్లు కట్టడం, కవర్లలో మట్టి నింపడం, లారీకి లోడు ఎత్తించడం చూస్తూ పెరిగాను. వెంకటరామన్నగూడెంలో హార్టికల్చర్ చదివాను. పెళ్లయి మావారితో హెచ్4 వీసా మీద అమెరికా వచ్చాక చాలాకాలం పనిచేసే వీల్లేదు. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవాళ్ల భార్యలకీ భర్తలకీ పని అనుమతి ఇస్తూ 2015 మేలో రూలు వచ్చింది. దాని పుణ్యమా అని నాకూ పని అనుమతి కార్డు వచ్చింది. తెలిసినవాళ్లందరూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేయమన్నారు. నేను నర్సరీకి వెళ్లి అప్లికేషన్ ఇచ్చాను. గంటల లెక్కన జీతం, వర్షంలో నిలబడే పని. “డిగ్రీ చదివి కుండీలు మోస్తున్నావా” అని ఫోన్లో అన్నవాళ్లు ఉన్నారు. మొక్కల గురించి చదివింది మొక్కల దగ్గర పనికి రావడంలో నాకు ఏ చిన్నతనమూ కనిపించలేదు.

జనవరి వస్తే మా గంటలు తగ్గించేస్తారు. ఉన్న కొద్దిమందిమీ రాలిన ఆకులు ఏరడం, కుండీల కింద నత్తలు వెతకడం, గడ్డకట్టే రాత్రి రాబోతుంటే లేత మొక్కల మీద గుడ్డ కప్పడం లాంటివి చేస్తాం. వేళ్లు కొంకర్లు పోతాయి. నాకు పని నేర్పిన పెద్దావిడ అప్పుడే ఒక పుస్తకం చేతికిచ్చారు. పొద్దున్నే తిరిగి, ఏ మొక్క మొగ్గ వేసింది, ఏది విచ్చింది, ఏది రాలిపోయింది రాయమన్నారు. కొట్టు ముందు బల్ల మీద వచ్చేవారం ఏం పెట్టాలో తెలుసుకోవడానికి ఆ లెక్క. పక్కన ఇంకో గడి గీసుకుని, ఏ పువ్వు మీద హమ్మింగ్‌బర్డ్ వాలిందో కూడా రాయడం నేను మొదలుపెట్టాను.

పూత రాయడం అనుకున్నంత తేలిక కాదు. మొగ్గ రంగు తేలగానే పూసిందని రాస్తే లెక్క తప్పుతుంది. రేకలు విడిపోయి లోపలి కేసరాలు కనిపించాలి. ఏటా అదే మొక్కని చూడాలి. దక్షిణం గోడకి ఆనుకున్న క్విన్స్ అనే పూలపొదకీ, ఫర్ చెట్టు నీడలో ఉన్న క్విన్స్‌కీ రోజుల తేడా ఉంటుంది. పల్లంలో చల్లగాలి నిలిచే చోట ఇంకా ఆలస్యం. గ్రీన్‌హౌస్‌లో పెరిగి లారీలో వచ్చిన కుండీ మొక్కని అసలు నమ్మకూడదు, అది బయటి కాలం చూసి పూసింది కాదు. అందుకని నేను మా నమూనా తోటలో నేలలో నాటినవాటినే చూస్తాను. నేచర్స్ నోట్‌బుక్ అని ఈ దేశమంతటా మామూలు మనుషులు తమ ఇంటి దగ్గరి మొక్కల పూత నమోదు చేసే కార్యక్రమం ఉంది. అందులో “పువ్వు విచ్చిందా” అన్న ప్రశ్నకి “లేదు” అని రాయడానికీ “అవును” అన్నంత విలువ ఇస్తారు. ఆఖరి “లేదు”కీ మొదటి “అవును”కీ మధ్యే కదా అసలు తేదీ ఉండేది. ఇది నాకు చాలా నచ్చింది. ఏమీ పూయని రోజు కూడా రాయాల్సిన రోజే.

మా దగ్గర చలికాలంలో కూడా ఉండిపోయే హమ్మింగ్‌బర్డ్ ఒకటుంది, ఆనాస్ అంటారు. మగదానికి గొంతు, నెత్తి గులాబీ ఎరుపులో మెరుస్తాయి. ఒకప్పుడు ఇది కాలిఫోర్నియా దాటి పెద్దగా పైకి వచ్చేది కాదు. మనుషులు తోటలు వేసి, యూకలిప్టస్ లాంటి పరదేశపు చెట్లు పెంచి, పంచదార నీళ్ల ఫీడర్లు వేలాడదీసేసరికి క్రమంగా ఉత్తరానికి జరిగి కెనడా దాకా పాకింది. పిట్ట ఎక్కడ బతకాలో తోటలే నిర్ణయించాయి కాబట్టి దాని ఫిబ్రవరి తిండి బాధ్యత కూడా తోటలదేనని నేను అనుకుంటాను. ఎందుకంటే ఇది ఫిబ్రవరికే గూడు కట్టేస్తుంది. సాలెగూడు దారాలతో అల్లి, పైన రాతిపాచి అతికిస్తుంది. రెండు తెల్లటి గుడ్లు. మగది ఒక్క పుల్ల సాయం కూడా చేయదు. తల్లి ఒక్కతే పొదిగి, పిల్లలకి సన్న పురుగులూ సాలీళ్లూ తెచ్చి, మధ్యలో తను తేనె తాగి రావాలి. చలి రాత్రుల్లో ఈ పిట్టలు ఒంటి వేడిని బాగా తగ్గించుకుని, గుండె కొట్టుకోవడం నెమ్మది చేసుకుని, దాదాపు మొద్దుగా ఉండిపోగలవు. పొద్దున్న మేలుకోవడానికే బోలెడు శక్తి ఖర్చవుతుంది. అప్పుడు దగ్గర్లో పువ్వుందా లేదా అన్నది దానికి ప్రాణం మీది సంగతి.

నా పుస్తకంలో ఆ గడి నిండే వరస ఇలా ఉంటుంది. డిసెంబరు, జనవరుల్లో పసుపు కంకులేసే మహోనియా, ఎర్రటి ఒంటి రేకుల యూల్‌టైడ్ కెమీలియా. ముద్ద కెమీలియాలు చూడటానికి బాగుంటాయి కానీ అన్ని రేకుల మధ్య తేనె అందదు, పిట్ట ఆగదు. గ్రెవిల్లియా ఆస్ట్రేలియా మొక్క, చలిలో ఎర్రగా మెలితిరిగిన పూలు పూస్తుంది, ఆనాస్‌కి ప్రాణం. అరకులో కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ కూడా ఈ గ్రెవిల్లియా జాతిదే. ఆ కుండీ దగ్గరికి వెళ్లినప్పుడల్లా, మిరియాల తీగ పాకించిన ఆ పొడవాటి మానులు గుర్తొస్తాయి. ఫిబ్రవరిలో వింటర్ హీథ్, పియరిస్, తర్వాత క్విన్స్. ఫోర్సిథియా ఇంటింటా పసుపుపచ్చ పూలతో మండిపోతుంది, దాని ఎదురుగడి మాత్రం నా పుస్తకంలో ఖాళీగానే ఉంటుంది. అడవి అంచుల్లో అన్నిటికంటే ముందు కదిలేది ఇండియన్ ప్లమ్. ఆకులు రాని చెట్ల మధ్య లేతాకుపచ్చగా చిగురించి, తెల్లటి గుత్తులు వేలాడేస్తుంది. మార్చిలో సాల్మన్‌బెర్రీ గులాబీ పూలు వాగుల పక్కన మొదలవుతాయి.

వీటన్నిటికీ రాణి రెడ్ ఫ్లవరింగ్ కరెంట్ అనే పూలపొద, ఇకపై నేను కరెంట్ అంటే ఇదే. ఈ పడమటి తీరపు సొంత మొక్క. మార్చిలో మోడు కొమ్మల మీద ఆకులతోపాటే ఎర్ర గులాబీ రంగు గుత్తులు దిగుతాయి. పూలు కిందికి వేలాడతాయి. మన తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద కూర్చుని మందారంలో ముక్కు పెడుతుంది. హమ్మింగ్‌బర్డ్‌కి కూర్చోడానికి కొమ్మ అక్కర్లేదు, పువ్వు కింద గాల్లో నిలబడి తాగేస్తుంది. కరెంట్ పూసే వేళకే రూఫస్ అనే రెండో హమ్మింగ్‌బర్డ్ వస్తుంది. రూపాయి బిళ్లంత బరువుండే ఈ ఇటుకరంగు పిట్ట చలికాలం మెక్సికోలో గడిపి, పసిఫిక్ తీరం వెంబడి పైకి వస్తుంది. వాటిలో కొన్ని అలాస్కా దాకా పోతాయి, ఒక వైపుకే 6,000 కిలోమీటర్లు పైచిలుకు. ముందు మగవి వస్తాయి. తిరుగు ప్రయాణం రాకీ పర్వతాల మీదుగా, అక్కడ వేసవి పూలు ఉంటాయి కాబట్టి. అంటే అలాస్కా దాకా పోయేవాటికి తీరంలో ఉన్న మా తోటలు పైకి పోయేటప్పుడే పనికొస్తాయి, అదీ ఆ కొద్ది వారాలే. గత అర్ధశతాబ్దంలో రూఫస్ సంఖ్య సగానికి పైగా తగ్గిపోయింది. కరెంట్ మొదటి గుత్తి విచ్చిన రోజు నేను పుస్తకంలో ఎర్ర సిరాతో రాస్తాను. మగ రూఫస్ వచ్చి ఆనాస్‌ని తరిమి తరిమి కొట్టిన రోజు కూడా.

ఈ రెండు తేదీలూ కలవకపోతే ఏమవుతుందో కొలరాడోలో తేలింది. అక్కడ గోథిక్ అనే చోట, రాకీ మౌంటెన్ బయలాజికల్ లాబొరేటరీ దగ్గర, డేవిడ్ ఇనోయీ అనే శాస్త్రవేత్త 1973 నుంచి కొండ పూలు లెక్కపెడుతూ వచ్చారు. హమ్మింగ్‌బర్డ్‌లు తాగే గ్లేసియర్ లిల్లీ 1970ల నాటి కంటే సుమారు 17 రోజులు ముందుగా పూస్తోందని ఆ లెక్కల ఆధారంగా 2012లో ప్రచురించారు. దక్షిణం నుంచి వచ్చే బ్రాడ్‌టెయిల్డ్ అనే హమ్మింగ్‌బర్డ్‌లు మాత్రం అంతగా ముందుకు జరగలేదు. మంచు త్వరగా కరిగిందన్న కబురు మెక్సికోలో ఉన్న పిట్టకి ఎవరు చెబుతారు? ఒక మనిషి ఓపిగ్గా ఏటా అదే నేలలో అవే పూలు లెక్కపెట్టబట్టే ఈ మాట మనకి తెలిసింది. వేళ్లు తిమ్మిరెక్కే పొద్దున ఆ పుస్తకం తెరవడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

మా కొట్టుకి తెలుగువాళ్లు బాగానే వస్తారు. సియాటిల్ శివార్లు సమామిష్‌లో, బోథెల్‌లో కొత్త ఇళ్లు కొనుక్కున్నవాళ్లు. “ఏవండీ, కరివేపాకు మొక్క ఉందా? మల్లె ఎప్పుడొస్తుంది?” అని మొదలవుతుంది. రెండిటినీ చలికాలంలో ఇంట్లో పెట్టుకోవాలని చెప్పి, మెల్లగా కరెంట్ దగ్గరికి తీసుకెళ్తాను. హమ్మింగ్‌బర్డ్ పేరెత్తితే పిల్లల ముఖాలు విప్పారతాయి. ఫీడర్ గురించి అందరూ అడిగేది ఒకటే.

“అక్కా, బెల్లం నీళ్లు పోస్తే బలం కదా?”

“వద్దమ్మా. తెల్ల పంచదార ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు. అంతే.”

బెల్లంలో ఉండే ఇనుము ఈ పిట్టలకి చేటు. తేనె కలిపితే నీళ్లు త్వరగా బూజుపడతాయి. ఎర్ర రంగు కలపనే కూడదు. నాలుగైదు రోజులకోసారి కడగాలి, గడ్డకట్టే రాత్రి లోపలికి తెచ్చి తెల్లవారకముందే మళ్లీ కట్టాలి. ఇంత చేయలేమనుకుంటే ఫీడర్ కొనొద్దనే చెబుతాను, అది అమ్మితే మా కొట్టుకి లాభమే అయినా. పువ్వుని కడగక్కర్లేదు, పైగా పువ్వు దగ్గరికి పురుగులూ వస్తాయి, పిల్లలకి కావాల్సింది అవే. పురుగు మందు కొట్టిన పెరట్లో పూలున్నా గూడు నిలవదు.

మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది కత్తిరింపు దగ్గర. జనవరిలో తోటపని మనుషుల్ని పెట్టి పొదలన్నీ గుండ్రంగా గొరిగిస్తారు. కరెంట్ కిందటేడు కొమ్మల మీద పూస్తుంది. ఆ కొమ్మలు పోతే మార్చి పూత మొత్తం పోయినట్టే. కత్తిరించాలంటే పూత రాలాక, ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో కత్తిరించాలి.

పోయిన చలికాలం మా మేనేజరు ఫిబ్రవరి బల్లకి ఒప్పుకున్నారు. కొట్టు ముందు ఆ వారం నేలలో నిజంగా పూసినవాటి కుండీలే పెట్టి, పక్కన పలక మీద పేర్లు నేను రాశాను. వర్షంలోనే వచ్చి హీథ్‌లు, ఒంటి రేకుల కెమీలియాలు పట్టుకెళ్లినవాళ్లు ఉన్నారు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి బాల్కనీలో హీథ్ కుండీ ఒకటి పెట్టుకోమని చెబుతాను, మూడో అంతస్తుకైనా ఆనాస్ ఎక్కి వస్తుంది. పెరడున్నవాళ్లు కరెంట్ అక్టోబరులో, వానలు పడ్డాక నాటుకోవాలి. అప్పుడు నాటితే వేసవికల్లా వేరు పడుతుంది, నీళ్ల గొడవ తక్కువ. వన్ గ్యాలన్ కుండీ చాలు, పెద్దది కొనక్కర్లేదు. వంటగది కిటికీకి కనిపించే చోట, కాస్త ఎండ పొడ తగిలేలా, పక్కకి ఆరేడు అడుగులు వదిలి పెట్టండి. ఈ శీతాకాలం కరెంట్ ముదురు కొమ్మలు కత్తిరించి నేను పాతినవి వచ్చే అక్టోబరుకి అమ్మకానికి సిద్ధమవుతాయి.